ఖాళీ డబ్బా కొలత

మా తోడికోడలి ముక్కు రెండుసార్లు విరిగింది. మొదటిసారి విరిగినప్పుడు ఎడమకు వంగింది. రెండోసారి విరిగినప్పుడు మళ్లీ మధ్యకు వచ్చింది. "చూశావా చెల్లీ, పాడు చేసినాయనే బాగు చేశారు" అని ఆమె నవ్వింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. మా ఇంట్లో ఆ సామెత తిరగబడింది. దెబ్బలు తిన్న మనిషి నవ్వేది, పక్కనుంచి చూసే నేను ఏడ్చేదాన్ని. కొన్నాళ్లకు ఏడవడం మీద విసుగొచ్చి కోపం పెంచుకున్నాను. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను కాబట్టి మెత్తటి మాటలు కావలసినవాళ్లు వేరే పుస్తకం చూసుకోవచ్చు.

ల్యాబ్‌లో అందరూ ఆమెను డబ్బా అక్క అంటారు. ఆ పేరెందుకు వచ్చిందో చెప్పాలంటే ముందు మా ల్యాబ్ సంగతి చెప్పాలి. కంటికి కనబడని వస్తువు ఎంత ఉందో తెలుసుకోవాలంటే దాన్ని కొట్టాలి. మా ల్యాబ్ మొత్తం ఈ ఒక్క మాట మీద నడుస్తుంది. మేం కొలిచేది ప్రోటాన్‌ని. ఒక మిల్లీమీటరును లక్ష కోట్ల ముక్కలు చేస్తే ఒక్క ముక్క ఎంతుంటుందో, ప్రోటాన్ నడిమధ్య నుంచి అంచుదాకా అంత కూడా ఉండదు. దాన్ని ఏ భూతద్దమూ పట్టుకోలేదు. అందుకని పొడవాటి గొట్టంలోంచి ఎలక్ట్రాన్లను గుంపుగా దాని మీదికి వదులుతారు. ఆ గుంపును బీమ్ అంటాం. తగిలిన ఎలక్ట్రాన్లు ఏ మూలకు ఎన్ని చెదిరాయో చుట్టూ పెట్టిన డిటెక్టర్లు లెక్కపెడతాయి. ప్రోటాన్ ఒట్టి చుక్కే అయితే ఎన్ని చెదరాలో ముందే లెక్క కట్టి ఉంటుంది. నిజంగా చెదిరేవి అంతకన్నా తక్కువ. ఎంత తగ్గాయో చూసి, దానికి ఇంత ఒళ్లుంది అని తేలుస్తారు. ఇందులో ఒక చిత్రం ఉంది. గట్టిగా గుద్దుకుని పక్కకు ఎగిరిపోయినవి సైజు విషయంలో పెద్దగా పనికిరావు. రాసుకుంటూ పోయి పిసరంత పక్కకు జరిగినవే అసలు సంగతి చెబుతాయి.

ప్రోటాన్లను విడిగా గుప్పెట్లో పట్టుకోలేం. హైడ్రోజన్‌ను బాగా చల్లబరిచి, నీళ్లలా చేసి, చిన్న అల్యూమినియం డబ్బాలో నింపి బీమ్‌కు అడ్డంగా పెడతారు. బీమ్ లోపలికి వెళ్లే వైపూ బయటికి వచ్చే వైపూ వెంట్రుక కన్నా పల్చటి రేకు ఉంటుంది. ఆ రేకు అతికించేది, చీమ తల దూరేంత చిల్లు కూడా లేదని తేల్చేది మా తోడికోడలే. ఒకసారి మా బావగారు, అంటే ఆమె మొగుడు, ఆమె కుడిచేతి వేళ్లను బీరువా తలుపు సందులో పెట్టి మూశాడు. రెండు వేళ్లు వంగకుండా పోయాయి. ఆమె ఎడమ చేత్తో రేకు అతికించడం నేర్చుకుంది.

బీమ్‌కు హైడ్రోజన్ ఏదో రేకు ఏదో తెలియదు. రేకుకు తగిలినవీ చెదురుతాయి. అందుకని నిండు డబ్బా మీద బీమ్ వేశాక, అదే డబ్బాను ఖాళీ చేసి మళ్లీ వేయాలి. ఖాళీగా ఉన్నప్పుడు చెదిరినవన్నీ రేకు పని, వాటిని తీసేస్తే మిగిలింది ప్రోటాన్ పని. దీన్ని మేం ఖాళీ డబ్బా కొలత అంటాం. ఒక ఏడాది కొత్తగా వచ్చిన పెద్దమనుషులు తొందరపడి, కొత్త డబ్బాకు పాత ఖాళీ కొలతనే వాడేశారు. కొత్త రేకు పాతదాని కన్నా మందం. రేకు చేసిన తప్పంతా ప్రోటాన్ నెత్తిన పడింది. లెక్కలో ప్రోటాన్ చిక్కిపోయింది, మేం నలుగురిలో నవ్వులపాలయ్యాం. అప్పటినుంచి డబ్బా అక్క ఖాళీ కొలత లేకుండా ఏ డబ్బానూ ఎవరికీ ఇవ్వలేదు.

ఇక ఇంటి సంగతి. ఇంటిగుట్టు లంకకు చేటంటారు. మా ఇల్లు లంకా కాదు, కాలిపోతే నేను బాధపడేదీ లేదు.

అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో, కింద వాటాలో వాళ్లు, పై వాటాలో మేము. అత్తగారు వాళ్ల దగ్గర ఉండేది. ఆమెకు ఎడమ చెవి వినపడదు. ఏదన్నా చెప్పాలంటే కుడివైపుకు వెళ్లి చెప్పాలి. మామగారు కొట్టిన దెబ్బకు పోయిన చెవి అది. ఆయన నేను రాకముందే పోయాడు. ఆయన బెల్టు మాత్రం తలుపు వెనక మేకుకు చాలాకాలం వేలాడుతూనే ఉంది. "మందు పడితే మీ మామగారు మనిషి కాదు. లేకపోతే వెన్నముద్ద" అనేది అత్తగారు. పెద్దకొడుకు గురించీ అదే పాట. మందు, మందు, మందు. ఆమెకు అదొక దేవుడు, అన్ని పాపాలూ ఆయన మీద వేసేది.

బావగారు మా ల్యాబ్‌లోనే క్రేన్ నడుపుతాడు. బీమ్ గదికి గోడలుగా పేర్చే కాంక్రీటు దిమ్మెలను ఎత్తి దించడం ఆయన పని. లారీ అంత దిమ్మెను కోడిగుడ్డు మీద దించినా పెంకు పగలదని అందరూ అనేవారు. నేనూ చూశాను, నిజమే. అదే చేత్తో ఇంట్లో స్టూలు ఎత్తి పెళ్లాం వీపు మీద విరగ్గొట్టేవాడు. మెట్ల మీదనుంచి తోసేవాడు. వేడి టీ మెడలో పోసేవాడు. మర్నాడు క్రేన్ ఎక్కితే మళ్లీ చెయ్యి వణికేది కాదు. వణికే చెయ్యి అయితే కాస్త జాలి పడేదాన్నేమో.

మా ఆయన అన్నలాంటివాడు కాదు. పెళ్లయిన కొత్తలో ఒక్కసారి చెయ్యెత్తాడు. నేను విసిరిన కుక్కర్ మూత ఎక్కడ తగిలిందో ఆ గుర్తు ఆయన నుదుటి మీద ఇప్పటికీ ఉంది. దెబ్బకు దెయ్యం దిగుతుందంటారు కదా, దిగింది. "నువ్వూ అలా ఒక్కటి ఇచ్చుకో అక్కా" అని నేను డబ్బా అక్కకు ఎన్నోసార్లు చెప్పాను.

"మీ ఆయనకు దెయ్యం పట్టింది కాబట్టి దిగింది" అంది ఒకసారి. "ఈయనకు పట్టిందో, ఈయనే అదో ఇంకా తేలలేదు."

"ముక్కు విరిగినా తేలలేదా?"

"ముక్కు విరిగిన రోజు ఆయన బాగా తాగి ఉన్నారు. ఆ రోజు ఏం తెలుస్తుంది? పెళ్లయిన వారానికి టీ కప్పు అందిస్తుంటే నా వేలు పట్టుకుని కాస్త వెనక్కి వంచారు. పెద్దగా నొప్పి కూడా పుట్టలేదు. వేలు వైపు చూడలేదు ఆయన, నా ముఖం చూస్తున్నారు. ఎంత వంచితే ముఖం మారుతుందా అని. నాకు భయం వేసింది అప్పుడే, ముక్కు విరిగినప్పుడు కాదు."

"మరి వెళ్లిపో."

"అప్పుడు కూడా కొంచెం తాగే ఉన్నారు చెల్లీ" అంది. ఆ జవాబుకు నాకు ఒళ్లు మండిపోయింది.

తరవాత ఒక ఏడాది బావగారికి కడుపునొప్పి వచ్చి డాక్టరు దగ్గరికి పోతే, మందు ముట్టుకుంటే చస్తావని ఆయన మొహం మీదే చెప్పాడు. చావంటే భయమున్న మనిషి. ఆ రోజే సీసాలు పగలగొట్టాడు. పగలగొట్టిన సీసాల మీద పెళ్లాన్ని చెప్పుల్లేకుండా నడిపించి ఊడ్పించాడు, అది వేరే సంగతి. అత్తగారి ఆనందం పట్టశక్యం కాలేదు. "నీ కష్టాలు తీరాయే అమ్మా" అని పెద్దకోడలి తల నిమిరింది. పెద్దకోడలు అరికాళ్లలోంచి గాజు పెంకులు తీసుకుంటోంది.

మొదటి నెలల్లో దెబ్బలు తగ్గలేదు. అలవాటు మానేసిన చిరాకు అంది అత్తగారు. డబ్బా అక్క కూడా ఊరుకుంది. ఒకరోజు పై వాటాలో నా మంచం మీద కూర్చుని పక్కటెముకలకు కట్టు కట్టించుకుంటూ, "డబ్బా ఖాళీ చేసిన వెంటనే కొలవకూడదు చెల్లీ. లోపల కొంచెం ఆవిరి మిగులుతుంది. అదీ పోవాలి" అంది.

నేను కట్టు గట్టిగా లాగాను. "నీ డబ్బా గోల తగలెయ్య. నువ్వు మనిషివా, డిటెక్టర్‌వా? చచ్చాక ఎవరికి చెబుతావు నీ కొలత?"

"ఇప్పుడు వెళ్లిపోతే జీవితాంతం ఒక అనుమానం ఉండిపోతుంది. మందు బాగా వదిలాక మంచివాడయ్యేవాడేమో, నేనే తొందరపడ్డానేమో అని. ఆ అనుమానంతో మళ్లీ నేనే ఈ గడప తొక్కుతాను. నా సంగతి నాకు తెలుసు" అంది.

ఆవిరి పోయేదాకా ఆగింది. ఆయన ఒళ్లు తేరుకుంది, ముఖం మీద వాపు దిగింది, నిద్ర బాగా పట్టింది, ఆకలి పుట్టింది. డాక్టరు భుజం తట్టాడు. అలాంటి ఒక ఉదయం, నేను కిందికి దిగేసరికి ఆయన గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని వంటింట్లో నిలబడి ఉన్నాడు. అక్క సింకు దగ్గర కప్పులు కడుగుతోంది. ఏ మాటా జరగలేదు. ఆయన వెనకనుంచి వెళ్లి, జుట్టు పట్టుకుని, తల సింకు అంచుకేసి కొట్టాడు. కోపం లేదు ముఖంలో. రెండోసారి కొట్టేముందు, మొదటి దెబ్బకు మూతి ఎలా ఉందో ఒకసారి ఆమె తల పైకెత్తి చూసుకున్నాడు. తరవాత అదే సింకులో చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, "టీ పెట్టావా?" అన్నాడు.

నేను పొయ్యి మీది ఇనప పెనం తీసి ఆయన భుజం మీద వేశాను. తల మీద వేయాలనే ఎత్తాను, ఆయన జరిగాడు. భుజం ఎముక చిట్లిన చప్పుడు విన్నాను, ఇప్పటికీ ఆ చప్పుడు తలుచుకుంటే హాయిగా ఉంటుంది. రెండో దెబ్బ వేయబోతుంటే మా ఆయన పరిగెత్తుకొచ్చి పట్టుకున్నాడు. అన్నను కాదు, నన్ను. అత్తగారు గుమ్మంలో నిలబడి "మానేసిన చిరాకే అది, మానేసిన చిరాకే" అంటోంది.

డబ్బా అక్క నోట్లోంచి ఒక పన్ను తీసి అరచేతిలో పెట్టుకుని చూసింది. "అయిపోయింది చెల్లీ" అంది. "ఆవిరి కూడా లేదు." అది ఏడుపు గొంతు కాదు. ల్యాబ్‌లో డబ్బా పాసయిందని చెప్పే గొంతే.

ఆ వారమే ల్యాబ్‌కు దగ్గర్లో ఒక గది చూసుకుంది. బావగారి భుజం అతికి మళ్లీ క్రేన్ ఎక్కేదాకా ఏ గొడవా లేదు. ఆమె తిరిగి రాదని ఆయనకు ఎవరూ చెప్పలేదు, చెప్పే ధైర్యం ఎవరికుంది. చివరికి ఆమే చెప్పింది, ఒక మధ్యాహ్నం, క్రేన్ కింద నిలబడి. ఆయన పైనుంచి విన్నాడు, తలూపాడు, పట్టుకున్న దిమ్మెను నిదానంగా దించాడు. అప్పుడు క్రేన్ దిగాడు.

ఆ రోజు బీమ్ నడుస్తున్న రోజు. నిండు డబ్బా కొలత అయిపోయింది. ఖాళీ చేస్తుంటే ఒక వాల్వ్ బిగుసుకుపోయింది. ఆయనకు ఆ మాట చెప్పి వచ్చిన డబ్బా అక్క, దాన్ని చేత్తో తిప్పాలని బీమ్ ఆపించి లోపలికి వెళ్లింది. లోపలికి వెళ్లే ప్రతి మనిషీ కంట్రోల్ రూమ్‌లో నా పక్కన ఉన్న బోర్డు మీదినుంచి ఒక తాళంచెవి తీసుకుని వెళ్లాలి. ఆ చెవితోనే గేటు తెరుచుకుంటుంది. తిరిగొచ్చి దాని రంధ్రంలో పెట్టాలి. ఒక్క రంధ్రం ఖాళీగా ఉన్నా బీమ్ బటన్ పని చేయదు. లోపల మనిషి ఉండగా బీమ్ వేస్తే ఆ మనిషి మిగలదు కాబట్టి ఈ ఏర్పాటు. బోర్డు దగ్గర కూర్చునేది నేను.

వాల్వ్ తిరిగింది. డబ్బా ఖాళీ అయింది. డబ్బా అక్క మాత్రం బయటికి రాలేదు. గేటు కెమెరాలో చూస్తే బావగారు పెద్ద రెంచీతో గేటును బాదుతున్నాడు. ఊచ ఊచకూ కొడుతున్నాడు. చేతి కణుపులు చిట్లి రక్తం కారుతోంది, ఆయన పట్టించుకోవడం లేదు. లోపలి కెమెరాలో ఆమె డబ్బా పక్కన కాంక్రీటు దిమ్మె మీద, తలకు హెల్మెట్ పెట్టుకుని కూర్చుని ఉంది. తాళంచెవి గుప్పెట్లో ఉంది.

షిఫ్ట్ లీడర్ సన్నగా పొడుగ్గా ఉండే మనిషి, గొంతు పెంచి మాట్లాడటం ఎరగడు. బీమ్ కోసం ఏళ్ల తరబడి వరసలో నిలబడి తెచ్చుకున్నవాడు. ఒక చెవికి ఫోను ఉంది, అవతల యంత్రం నడిపేవాళ్లు ఎందుకు ఆపారని తిడుతున్నారు. అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. మైకులో, "అమ్మా, పని అయిపోయిందిగా, బయటికి వచ్చెయ్యండి. మీ ఇంటి విషయం బయట మాట్లాడుకుందురుగాని" అన్నాడు.

"ఆయన్ని అక్కణ్ణించి పంపెయ్యండి సార్, వస్తాను" అని స్పీకర్లో జవాబు వచ్చింది.

"సెక్యూరిటీకి చెప్పాను, వస్తున్నారు. ఈలోగా మీరు నెమ్మదిగా..."

"సార్" అన్నాను నేను, "ఆ రెంచీ మీరు ఒకసారి తిని రండి నెమ్మదిగా. తరవాత ఆమెను పిలుద్దాం." ఆయన మైకు వదిలేశాడు.

గేటు వంగలేదు. బావగారు కెమెరాలోంచి మాయమయ్యాడు. ఎక్కడికి వస్తున్నాడో నాకు అర్థమైంది. లేచి తలుపు వేసేలోపే లోపలున్నాడు.

"చెవి ఇవ్వు" అన్నాడు.

"ఇవ్వను."

"మధ్యలోకి రాకు అమ్మాయ్. మొగుడూ పెళ్లాల సంగతి."

"మధ్యలో కూర్చోవడమే నా ఉద్యోగం" అన్నాను.

నా జుట్టు చేతికి చుట్టుకుని బోర్డు అంచుకేసి నా నుదురు కొట్టాడు. కళ్ల ముందు తెల్లగా అయింది. రెండోసారి కొట్టేటప్పుడు నేను చేతికి అందిన మణికట్టును కొరికాను, పళ్లు ఎముకకు తగిలాయి. షిఫ్ట్ లీడర్ మధ్యలో దూరాడు. బావగారి మోచేయి ఆయన మూతి మీద పడింది. కళ్లజోడు ఎగిరి కింద పడితే, బావగారు దాన్ని చూసి మరీ తొక్కాడు.

"తాగి ఉన్నాడు" అని అరిచాడు షిఫ్ట్ లీడర్. "ఎవరైనా పట్టుకోండయ్యా, మనిషి తాగి ఉన్నాడు."

ఆ మాట బావగారికి నచ్చలేదు. షిఫ్ట్ లీడర్ కాలరు పట్టుకుని దగ్గరికి లాగి, ముఖం మీదికి ఊపిరి వదిలాడు. "వాసన చూడు. తాగానా నేను? చుక్క ముట్టి ఏడాది కావస్తోంది. ఇంట్లో అడుగు, మా అమ్మనడుగు."

మైకు తెరిచే ఉంది. ఇదంతా లోపలికి వినపడుతోంది. స్పీకర్లోంచి డబ్బా అక్క గొంతు వచ్చింది.

"నిజమే సార్. ఆయన తాగలేదు. మందు తీసేసి చూశాను. ఆవిరి పోయేదాకా కూడా ఆగాను. అవే దెబ్బలు సార్. ఒక్కటీ తగ్గలేదు. అంతా డబ్బాదే."

గదిలో మిగతావాళ్లకు అర్థమైందో లేదో, షిఫ్ట్ లీడర్‌కు అర్థమైంది. చిట్లిన పెదవి తుడుచుకోవడం మానేసి స్పీకర్ వైపు చూస్తూ ఉండిపోయాడు. ఏళ్లుగా పిల్లలకూ పెద్దలకూ ఆయన చెప్పే పాఠమే అది.

బావగారికీ అర్థమైందనుకుంటాను. ఎందుకంటే ఆయన అరుపు ఆగిపోయింది. ముఖం మళ్లీ ఆ సింకు దగ్గరి ముఖం అయింది. బోర్డు వైపు తిరిగి, అన్ని చెవుల మధ్యా ఖాళీగా ఉన్న ఒక్క రంధ్రాన్ని చూశాడు. క్రేన్ నడిపే మనిషికి ఆ రంధ్రం సంగతి నాకెంత తెలుసో అంత తెలుసు.

"ఇది నిండితే బీమ్ వస్తుంది కదూ" అన్నాడు నెమ్మదిగా. జేబులోంచి తన లాకరు చెవి తీసి ఆ రంధ్రంలో పెట్టాడు. పట్టలేదు. రెంచీతో దాని తల మీద కొట్టాడు, మేకు దిగేసినట్టు. ఇంకో దెబ్బ వేసి, రెండో చేత్తో బీమ్ బటన్ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. కెమెరాలో ఆమె అలాగే కూర్చుని ఉంది.

మూడో దెబ్బకు బోర్డు చచ్చిపోయింది. అలా తయారు చేశారు దాన్ని, ఎవరు కెలికినా యంత్రం మొత్తం ఆగిపోవాలని. సైరన్ మోగింది, దీపాలన్నీ ఎర్రగా అయ్యాయి. నేను గోడకున్న మంటలార్పే సిలిండర్ తీసి ఆయన మోకాలి మీద వేశాను. ఈసారి ఎవరూ నన్ను పట్టుకోలేదు. ఆయన పడ్డాడు. డిటెక్టర్ల దగ్గర పనిచేసేవాళ్లు ఇద్దరు చేతుల మీద కూర్చున్నారు. కాళ్ల మీద షిఫ్ట్ లీడర్ కూర్చున్నాడు, సన్నటి మనిషి కాబట్టి ప్రతి తన్నుకూ ఎగిరి పడుతున్నాడు. అలా ఎగిరి పడుతూనే ఫోను తీసుకుని, "బీమ్ వద్దండీ" అన్నాడు. "ఎప్పటిదాకా అంటే, ఆవిడ తనంతట తాను వచ్చి ఆ చెవి పెట్టేదాకా. వారం పట్టినా సరే."

పోలీసులు బావగారిని జీపు ఎక్కించాక ఆమె బయటికి వచ్చింది. గుప్పెట విప్పితే చెవి పళ్లు అరచేతిలో అచ్చు పడి ఉన్నాయి. నా నుదుటి మీది రక్తం తన చెంగుతో తుడిచింది. "బోర్డు బాగయ్యాక ఖాళీ కొలత మర్చిపోకండి సార్" అని షిఫ్ట్ లీడర్‌కు చెప్పి, నాతో స్టేషన్‌కు వచ్చింది.

స్టేషన్లో బావగారి చేత గొట్టంలోకి ఊదించారు. సున్నా వచ్చింది. రాసే కానిస్టేబులు ఇంకోసారి ఊదించాడు. మళ్లీ సున్నానే. అప్పుడు మా ఆయన అత్తగారిని తీసుకుని వచ్చాడు. ఆమె నా నుదురు చూడలేదు, పెద్దకోడలి వైపు చూడలేదు, తిన్నగా కానిస్టేబులు బల్ల దగ్గరికి పోయింది.

"బాబూ, మావాడు తాగి ఉంటాడు. తాగితేనే అలా చేస్తాడు. తాగినట్టు రాసుకో" అంది.

"మిషన్లో సున్నా వచ్చిందమ్మా."

"మిషన్లు తప్పు చూపించవా ఏమిటి?"

కానిస్టేబులు కలం కింద పెట్టాడు. ఆయనకూ ఇది తేలిగ్గా తేలిపోతే బాగుండునని ఉంది. "తాగిన మైకంలో గొడవ అని రాస్తే సాయంత్రానికి ఇంటికి పోతాడు. ఒళ్లు తెలిసి, మనిషి లోపలుందని తెలిసి బటన్ నొక్కాడంటే అది చంపబోవడం. ఇంట్లోవాళ్లంతా మందు వల్లే అంటున్నారా? అందరూ ఒక మాట మీదికి రండి, దాన్నిబట్టి రాస్తా" అన్నాడు.

సాయంత్రానికి ఇంటికి. డబ్బా అక్క అద్దె గదికి ఉన్నది ఒక చెక్క తలుపు, దానికి చిన్న గడియ. "మావాళ్ల మాట తరవాత, ముందు మేం చెప్పేది రాయండి" అని బల్ల మీద చరిచాను. కానిస్టేబులు మా ఆయన్ని అడిగాడు. మా ఆయన నేల చూశాడు. ఆ మనిషి నుదుటి మీద ఇంకో గుర్తు పెట్టాలన్నంత కోపం వచ్చింది.

అత్తగారు వచ్చి బెంచీ మీద కూలబడింది. డబ్బా అక్క ఆమె పక్కకు వెళ్లి కూర్చుంది, కుడివైపు, వినపడే వైపు. అరవలేదు, ఏడవలేదు.

"అత్తయ్యా, ఆయన నా పన్ను ఊడగొట్టిన రోజు తాగారా?"

అత్తగారు చెంగు సర్దుకుంది.

"మీరు గుమ్మంలోనే ఉన్నారు. వాసన వచ్చిందా?"

"మానేసిన చిరాకు..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. పెద్దకోడలి మూతిలో పన్ను లేని చోటును మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. తరవాత చెయ్యి తన ఎడమ చెవి మీదికి పోయింది. ఆమె ఏం లెక్కపెట్టుకుంటోందో నాకు అప్పుడు తెలియలేదు.

"మీ మామగారికి ఒకసారి పెద్ద జ్వరం వచ్చింది" అంది చివరికి, ఎవరితోనో అన్నట్టు. "చస్తారేమో అనుకున్నాం. లేచాక కూడా చాలాకాలం మందు ముట్టలేదు, వాసన పడేది కాదు. నేనే పత్యం వండి పెట్టేదాన్ని. గోరువెచ్చటి నీళ్లే తాగేవారు."

"ఊఁ" అంది డబ్బా అక్క.

"నా చెవి పోయింది అప్పుడేనే."

ఆ చెవిని ఆమె ఇన్నేళ్లూ మందు లెక్కలో రాసుకుని, మొగుడి ఫొటో తుడుస్తూ బతికింది.

అత్తగారు బెంచీ పట్టుకుని లేచింది. నేను పట్టుకోబోతే వద్దంది. బల్ల దగ్గరికి తనే నడిచి వెళ్లి కానిస్టేబులు ముందు నిలబడింది. కలం ఇంకా కిందే ఉంది, దాన్ని ఆమే తీసి ఆయన చేతికిచ్చింది.

"రాసుకో బాబూ" అంది. "మావాడు తాగలేదు."